పాత వైమానిక ఛాయాచిత్రాలతో సాగునేల యోగ్యతను ఎంతవరకు అంచనా వేయవచ్చు?

ప్రశ్న: నీటిపాయ

నేను భూగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా అధ్యయన ప్రాంతంలో ఎగువన కొండవాలు, మధ్యలో మెట్ట పొలాలు, దిగువన నదిని ఆనుకుని ఒండ్రు నేలలు ఉన్నాయి. ఈ ప్రాంతాన్ని కొన్ని దశాబ్దాల కిందట విమానం నుంచి తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రాలు నాకు లభించాయి. అవి 23 సెంటీమీటర్ల చదరపు ప్రింట్లు. కటకపు నాభ్యంతరం (కటకం నుంచి ఫిల్ము దాకా ఉన్న దూరం) 152 మిల్లీమీటర్లని అంచున ముద్రించి ఉంది, స్కేలు సుమారు 1:20,000. వరుసలోని ఫోటోలు ఒకదానితో ఒకటి 60 శాతం మేర కలిసేలా తీసినవే కాబట్టి వాటిని స్టీరియోస్కోపు (రెండు ఫోటోలను కలిపి ఎత్తుపల్లాలతో చూపే పరికరం) కింద పెట్టి చూసే వీలుంది. వీటితో పాటు ఇటీవల డ్రోన్‌తో తీయించిన మామూలు రంగుల మొజాయిక్ (అనేక ఫోటోలను అతికించి చేసిన ఒకే చిత్రం) కూడా నా దగ్గర ఉంది.

వీటి ఆధారంగా సాగు యోగ్యతను బట్టి నేలలను తరగతులుగా విభజించి పటం తయారు చేయాలన్నది నా ఉద్దేశం. పని మొదలుపెట్టాక మూడు సందేహాలు వచ్చాయి. ఫోటోలో నల్లగా కనిపించే చోట్లన్నీ నల్లరేగడి అనీ, తెల్లగా మెరిసే మచ్చలన్నీ చౌడు అనీ గుర్తించుకుంటూ పోవచ్చా? కొండవాలు మీద ఉన్న ఒకే పొలం విస్తీర్ణాన్ని పక్కపక్క ఫోటోల్లో కొలిస్తే రెండు వేర్వేరు విలువలు ఎందుకు వస్తున్నాయి? ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతున్న ఈ రోజుల్లో ఈ పాత ప్రింట్ల మీద ఇంత శ్రమ పడటం అవసరమేనా? అనుభవం ఉన్నవారు వివరించగలరు.

సమాధానం: త్రిమితి

నీటిపాయ గారూ, మీ రెండో సందేహానికి మాత్రమే నేను సమాధానం చెబుతాను. మట్టి సంగతి మట్టిని తవ్వి చూసినవారే చెప్పాలి.

వైమానిక ఛాయాచిత్రం పటంలా కనిపిస్తుంది గాని పటం కాదు. పటంలో ప్రతి స్థలాన్నీ దాని నడినెత్తి నుంచి చూసినట్టు గీస్తారు. ఫోటోలో మాత్రం నేల మీది అన్ని చోట్ల నుంచి వచ్చే కిరణాలూ కటకం అనే ఒకే బిందువు గుండా పోతాయి కాబట్టి, ఫోటో నడిమధ్యన ఉన్నదాన్ని తప్ప తక్కిన అన్నింటినీ కెమెరా ఏటవాలుగానే చూస్తుంది. అందువల్ల ఎత్తైన స్థలాలు ఫోటో మధ్య నుంచి బయటి వైపుకు, పల్లపు స్థలాలు లోపలి వైపుకు జరిగి పడతాయి. ఎంత జరుగుతాయో లెక్కకట్టడం కష్టం కాదు. ఫోటో మీద మధ్య బిందువు నుంచి ఆ స్థలానికి ఉన్న దూరాన్ని ఆ స్థలం ఎత్తుతో గుణించి, విమానం ఎగిరిన ఎత్తుతో భాగిస్తే సరిపోతుంది.

మీ ఫోటోలకే ఈ లెక్క వేసి చూద్దాం. నాభ్యంతరం 152 మిల్లీమీటర్లు, స్కేలు 1:20,000 అయితే విమానం నేలకు 3,040 మీటర్ల ఎత్తున ఎగిరింది. వాలు మీద 200 మీటర్ల పొడవున్న ఒక పొలం ఉందనీ, దాని కింది గట్టుకూ పై గట్టుకూ మధ్య 30 మీటర్ల ఎత్తు తేడా ఉందనీ అనుకోండి. ఆ పొలం ఒక ఫోటోలో మధ్య నుంచి 90 మిల్లీమీటర్ల దూరంలో పడితే, పై గట్టు దాదాపు 0.9 మిల్లీమీటరు, అంటే నేల మీద సుమారు 18 మీటర్లు జరిగి కనిపిస్తుంది. వాలు ఫోటో మధ్య వైపుకు తిరిగి ఉంటే పొలం 218 మీటర్లకు సాగుతుంది, బయటి వైపుకు తిరిగి ఉంటే 182 మీటర్లకు కుదించుకుపోతుంది. పక్క ఫోటోలో అదే పొలం మధ్య బిందువుకు దగ్గరగా గాని, దానికి అవతలి పక్కన గాని పడుతుంది కాబట్టి కొలత మారుతుంది. మీకు వచ్చిన రెండు విలువలకూ ప్రధాన కారణం ఇదే అయి ఉంటుంది. ఫోటో తీసే క్షణంలో విమానం కొద్దిగా ఒరిగినా ఇలాంటి తేడాయే వస్తుంది గాని సాధారణంగా అది ఇంతకంటే చిన్నది.

దీనికి తోడు ఎత్తు మారితే స్కేలే మారిపోతుంది. దిగువ మైదానానికి 100 మీటర్ల ఎగువన ఉన్న సమతల పొలానికి కెమెరా 2,940 మీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి అక్కడి స్కేలు 1:20,000 కాక దాదాపు 1:19,340 అవుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా కొలిస్తే 10 హెక్టార్ల పొలం 10.7 హెక్టార్లుగా తేలుతుంది. ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా ఈ పొరపాటు కంటికి కనిపించదు, అందుకే ఇది ప్రమాదకరం.

పెన్సిలుతో ప్రింటు మీద గీసి కొలుస్తున్నారో లేదో మీరు చెప్పలేదు. ఈ స్కేలులో ఫోటో మీది ఒక మిల్లీమీటరు నేల మీద 20 మీటర్లు. 0.3 మిల్లీమీటరు మందం ఉన్న పెన్సిలు గీత నేల మీద 6 మీటర్ల వెడల్పున్న బాట అవుతుంది. సరిగ్గా ఒక హెక్టారు ఉన్న చదరపు పొలం చుట్టూ అలాంటి గీత గీసి, గీత బయటి అంచు వెంట ఒకసారి, లోపలి అంచు వెంట ఇంకోసారి కొలిస్తే 11,236 చదరపు మీటర్లు, 8,836 చదరపు మీటర్లు వస్తాయి. చిన్న కమతాలను ప్రింటు మీద నేరుగా కొలవవద్దని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

కాబట్టి ప్రింట్లను మంచి స్కానరుతో, నాలుగు అంచుల్లోని కెమెరా గురుతులు కత్తిరించుకుపోకుండా స్కాన్ చేయించండి. ఒక పిక్సెల్ 25 మైక్రాన్లు ఉండేలా స్కాన్ చేస్తే నేల మీద అర మీటరుకు ఒక పిక్సెల్ వస్తుంది. తర్వాత డ్రోన్ చిత్రాల నుంచి తయారయ్యే ఎత్తుల నమూనాను వాడి పాత ఫోటోలను ఆర్థోఫోటోలుగా, అంటే పటంలా ప్రతి చోటునూ నడినెత్తి నుంచి చూసినట్టుండే చిత్రాలుగా మార్చుకుంటే పైన చెప్పిన జరుగుబాటు చాలావరకు తొలగిపోతుంది. కంట్రోల్ పాయింట్లుగా, అంటే ఫోటోను నేలతో సరిపోల్చి అతికించే గురుతులుగా, కల్వర్టులు, రోడ్ల కూడళ్లు, పాత కట్టడాల మూలలు, కదలని బండలు తీసుకోండి. చెట్లను, పొలం గట్లను తీసుకోకండి, అవి మారిపోతాయి. పాయింట్లన్నీ చదునైన చోటే దొరుకుతున్నాయని అక్కడే ఆగిపోకుండా కొండ మీద కూడా కొన్ని వెతకండి. లేకపోతే దిగువన అంతా సరిగ్గా అతికి, సరిదిద్దవలసిన కొండవాలే తప్పుగా మిగిలిపోతుంది. ఇంత శ్రమకు వీలు లేకపోతే, కనీసం ప్రతి పొలాన్నీ అది మధ్యకు దగ్గరగా పడిన ఫోటోలోనే కొలవండి.

సమాధానం: రేగడి

మొదటి సందేహానికి సూటి జవాబు: గుర్తించకూడదు. నలుపు తెలుపు ఫోటోలో నల్లదనం అంటే ఆ చోటు నుంచి కెమెరాకు వెలుతురు తక్కువగా చేరిందని మాత్రమే. తడి నేల నల్లగా పడుతుంది, అదే నేల ఆరితే తేలికపడుతుంది. కొత్తగా దున్నిన దుక్కి దాని పక్కనే దున్నకుండా వదిలిన అదే మట్టి కంటే ముదురుగా కనిపిస్తుంది. కొయ్యకాళ్లు కాల్చిన పొలం, గుబురుగా ఎదిగిన పైరు, మేఘం నీడ, ఇవన్నీ నలుపే. ఫోటో తీసిన తేదీ తెలియకుండా ఛాయను బట్టి మట్టిని నిర్ణయించడం అంటే చీటీ చూడకుండా మందు వేయడమే.

అయితే ఛాయ పనికిరాదని కాదు. ఛాయ ఎక్కడ మారుతోంది, ఆ హద్దు ఎలా నడుస్తోంది అన్నది చూడాలి. నలుపు సరిగ్గా గట్టు దగ్గర మొదలై మరో గట్టు దగ్గర ఆగిపోతే అది రైతు చేతి పని, అంటే దుక్కో, పైరో, తడో. అదే నలుపు గట్లను లెక్కచేయకుండా నాలుగైదు పొలాల మీదుగా వంకరటింకరగా సాగి, పైరు ఉన్న చోటా బీడు ఉన్న చోటా ఏదో ఒక రూపంలో కొనసాగితే అది నేలకు సంబంధించినది. నేలల సర్వేలో ఫోటో చదవడం నేర్పేటప్పుడు నేను ముందుగా చూపించేది ఈ భేదాన్నే. ముదురు ఛాయల లోతులు, లేత ఛాయల రకాలు ఆ తర్వాత సంగతి.

ఇక మీ తెల్ల మచ్చలు. నది దగ్గరి ఒండ్రు నేలల్లో తెలుపుకు కనీసం రెండు కారణాలు ఉంటాయి: చౌడు, ఇసుక మేట. వరదలో కట్ట తెగినప్పుడు పడిన ఇసుక మేట గండి దగ్గర ఇరుకుగా మొదలై పొలాల్లోకి విసనకర్రలా విచ్చుకుంటుంది. దాని అంచులు స్పష్టంగా ఉంటాయి, స్టీరియోస్కోపులో చూస్తే చుట్టుపక్కల కంటే కొద్దిగా ఎత్తుగా కూడా కనిపించవచ్చు. చౌడు అలా కాదు. నీరు చేరి పోయే దారిలేని పల్లాల్లో, కాలువల ఊట తగిలే చోట్ల, అంచులు తెలియకుండా చెదిరినట్టు ఉంటుంది. అందులో పైరు ఉంటే చిల్లులు పడ్డట్టు అక్కడక్కడా మొలకెత్తి ఉంటుంది. ఎండాకాలంలో పైకి తేలే ఉప్పు పొర వానలకు కరిగిపోతుంది కాబట్టి చౌడు మచ్చ కాలాన్ని బట్టి వస్తూ పోతూ ఉంటుంది. ఇసుక మేట ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సోడియం ఎక్కువైన క్షార నేలల్లో మట్టిలోని సేంద్రియ పదార్థం కరిగి పైకి వచ్చి ఉపరితలాన్ని నల్లగా మార్చే సందర్భాలు ఉన్నాయి. అలాంటి చోట మీరు వెతికే తెలుపు అసలు కనిపించదు. చివరికి తేల్చవలసింది పరీక్షే. మట్టిని నీటితో సంతృప్తం చేసి తీసిన ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే ఉప్పు నేల అంటారు. మట్టి రేణువులను అంటిపెట్టుకున్న మార్పిడి సోడియం 15 శాతం దాటి, పీహెచ్ 8.5 మించితే క్షార నేల అంటారు.

ఛాయ కంటే నేను ఎక్కువగా నమ్మేది వాగుల తీరును. స్టీరియోస్కోపు ఉంది కాబట్టి ముందుగా వాగులు, వంకలు అన్నింటినీ చిట్టచివరి పాయ వరకు గీయండి. వంకలు దట్టంగా చెట్టు కొమ్మల్లా చీలి ఉంటే నీరు ఇంకని నేల లేదా మెత్తని రాయి అని, పలుచగా ఉంటే నీరు బాగా ఇంకే నేల అని మొదటి అంచనా వేసుకోవచ్చు. వంక అడ్డుకోత కూడా ఎంతో చెబుతుంది. గరుకైన ఇసుక, గులక నేలల్లో వంక గట్లు నిటారుగా, కోసుగా దిగుతాయి. బంకమట్టిలో వాలు మెల్లగా, గుండ్రంగా ఉంటుంది. గాలి తెచ్చి పోసిన మెత్తని ఒండులో గోడలు నిలువుగా, అడుగు చదునుగా ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. మీ కెమెరాకు, మీ ఓవర్‌ల్యాప్‌కు స్టీరియోస్కోపులో ఎత్తులు దాదాపు నాలుగు రెట్లు పెరిగి కనిపిస్తాయి. కంటికి నిట్టనిలువుగా తోచిన వాలు నిజానికి సాగుకు అనువైన మెల్లని వాలే కావచ్చు. వాలును కళ్లతో అంచనా వేయకుండా ఎత్తుల నమూనా నుంచి తీసుకోండి.

ఇప్పుడు యోగ్యత తరగతుల గురించి. 1961లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించిన ఎనిమిది తరగతుల పద్ధతినే మీరు ఉద్దేశిస్తున్నారని అనుకుంటున్నాను. అందులో మొదటి నాలుగూ సాగుకు పనికివచ్చేవి, తక్కిన నాలుగూ పచ్చికకు, అడవికి వదలవలసినవి. తరగతిని నిర్ణయించే అంశాల్లో వాలు, నేల కోత తీవ్రత, నీటి ముంపు, పైకి తేలిన రాళ్లు ఫోటోలో దొరుకుతాయి. నేల లోతు, పొరల తీరు, గట్టిపడిన అడుగు పొర, లవణాలు, సారం దొరకవు. పైనుంచి ఒకేలా కనిపించే రెండు పొలాల్లో ఒకదానికి అడుగున మీటరు లోతు మట్టి ఉండవచ్చు, రెండోదానికి జానెడు లోతులోనే రాయి తగలవచ్చు. కాబట్టి ఫోటో నుంచి మీరు గీసేవి హద్దులు మాత్రమే. ఆ హద్దుల లోపల తరగతి అంకె వేయవలసింది గుంట తవ్విన తర్వాతే.

అలాగని ఫోటో విలువ తక్కువేమీ కాదు. 1929లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఒక కౌంటీ నేలల సర్వేకు వైమానిక ఛాయాచిత్రాలను ఆధార పటంగా వాడినప్పటి నుంచి సర్వేదారుల పని తీరే మారిపోయింది. అంతకు ముందు పొలంలో నిలబడి తాను ఎక్కడ ఉన్నాడో తేల్చుకోవడానికే సర్వేదారుకు సగం పూట పోయేది. హద్దును రెండు గుంటల మధ్య ఊహతో గీయవలసి వచ్చేది. ఫోటో చేతిలో ఉంటే ఆ హద్దు కళ్లముందే కనిపిస్తుంది.

ఇంకొక మాట. యోగ్యత అంటే దేనికి యోగ్యత అన్న ప్రశ్న ముందుగా వేసుకోండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1976లో వెలువరించిన భూమూల్యాంకన విధానం ఈ ప్రశ్న మీదే నిలబడింది. నీరు నిలిచే బంకనేల వరికి మంచిది, వేరుశనగకు పనికిరాదు. ఆ రెండింటికీ కలిపి ఒకే అంకె వేస్తే ఆ పటం ఎవరికీ ఉపయోగపడదు.

సమాధానం: పైరుచూపు

రేగడి గారు చెప్పినదంతా నేల విషయంలో నిజమే గాని, సాగునేల అంచనా అంటే మట్టి ఒక్కటే కాదు. దాని మీద పైరు ఎలా ఉంటోందన్నది కూడా అంచనాలో భాగమే. ఆ పనికి నలుపు తెలుపు ఫోటో అంతగా సహకరించదు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం సగం దాకా వెనక్కి పంపిస్తుంది. నీటి ఎద్దడి వల్లనో తెగులు వల్లనో ఆకు దెబ్బతిన్నప్పుడు ఈ రెండింటి నిష్పత్తి మారుతుంది. ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కించే వృక్ష సూచికకు ఇదే ఆధారం.

గాలిలోంచి తెగులును పట్టుకోవచ్చన్న ఆలోచన ఉపగ్రహాల కంటే పాతది. పత్తిలో వేరుకుళ్లును విమానం నుంచి ఫోటో తీసి అధ్యయనం చేసిన పని అమెరికాలోని టెక్సాస్‌లో జరిగి 1929లోనే అచ్చయింది. ధాన్యపు పైర్ల తెగుళ్లు పరారుణ ఫిల్ము మీద గుర్తించగలిగేలా కనిపిస్తాయని కాలిఫోర్నియాలో రాబర్ట్ కోల్వెల్ 1956లో ప్రచురించిన పరిశోధనలో చూపించాడు. మన దేశంలో 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పి.ఆర్. పిషారటి బృందం కేరళలో కొబ్బరి వేరు తెగులు మీద హెలికాప్టర్ నుంచి పరారుణ రంగుల ఫిల్ముతో ప్రయోగం చేసింది. దేశంలో రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచి చిత్రాలతో నేలను పరిశీలించడం) మొదలైంది అక్కడేనని చెబుతారు. 1970లో అమెరికా మొక్కజొన్నను ఆకుమాడు తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. ఆ మరుసటి ఏడాది, 1971లో, ఎత్తున ఎగిరే విమానాలతో మొక్కజొన్న ప్రాంతమంతా పదేపదే ఫోటోలు తీసి తెగులు వ్యాప్తిని గమనించారు.

నీటిపాయ గారు తీయించిన డ్రోన్ మొజాయిక్ మామూలు రంగులదని అన్నారు. అందులో పరారుణ పట్టీ లేదు కాబట్టి పచ్చదనాన్ని చూసి పైరు ఆరోగ్యాన్ని చెప్పడానికి ప్రయత్నించకండి. దానికి ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు వాడండి. 2015 నుంచి ఉచితంగా ఉన్నాయి, ఎరుపు, సమీప పరారుణ పట్టీలు 10 మీటర్ల స్పష్టతతో దొరుకుతాయి. రెండు ఉపగ్రహాలు కలిసి దాదాపు ఐదు రోజులకొకసారి ఒకే చోటును చూస్తాయి. మబ్బు పట్టిన కాలంలో వరుసగా చాలా చిత్రాలు పనికిరాకుండా పోతాయన్నది వేరే విషయం.

దాని పరిమితి కూడా చెప్పాలి. చదరంగా ఉన్న ఒక హెక్టారు పొలంలో 100 పిక్సెళ్లు పడతాయి. అవి గట్లకు సరిగ్గా సరిపోయినా 36 పిక్సెళ్లు అంచునే ఉంటాయి. కాస్త పక్కకు జరిగితే ఆ అంచు పిక్సెళ్లలో పక్క పొలమో, గట్టు మీది చెట్టో కలిసిపోతుంది. కమతం అర ఎకరానికి తగ్గితే లోపల శుభ్రమైన పిక్సెల్ దొరకడమే కష్టం. అందువల్ల హద్దులకు ఫోటో, కాలక్రమానికి ఉపగ్రహం అని పని పంచుకోండి. మూడో సందేహానికి నా జవాబు ఇది. ఉపగ్రహం ఎంత తరచుగా వచ్చినా, మీ పాత ప్రింట్లు తీసిన నాటికి వెనక్కి వెళ్లలేదు.

నీటిపాయ

అందరికీ ధన్యవాదాలు. త్రిమితి గారూ, నేను పెన్సిలుతోనే గీస్తున్నాను, కాబట్టి ఇక ఆ పద్ధతి ఆపేస్తాను. రేగడి గారు చెప్పిన పోలికలతో ప్రింట్లను మళ్లీ చూశాను. తెల్ల మచ్చల్లో కొన్ని నది గట్టు దగ్గర ఇరుకుగా మొదలై పొలాల వైపు విచ్చుకుంటున్నాయి. మిగిలినవి గట్టుకు దూరంగా, పల్లంలో, చెదిరినట్టు ఉన్నాయి. ఫోటోలు కోతల తర్వాత పొడి కాలంలో తీసినవని అంచున ఉన్న తేదీ చెబుతోంది.

మరో సందేహం. నా పరిశోధనలో రెండో భాగం మార్పుల అధ్యయనం. అప్పటికీ ఇప్పటికీ నది గట్టు ఎంత జరిగింది, కొండవాలు మీది వంకలు ఎంత పెరిగాయి అన్నవి పాత, కొత్త చిత్రాలను పోల్చి చెప్పాలనుకుంటున్నాను. ఎంత చిన్న మార్పు వరకు నమ్మవచ్చు?

సమాధానం: గట్టుదారి

పోలికలో ముందుగా తేల్చుకోవలసింది మీ కొలబద్ద స్థాయిని. పాత ఫోటోను ఆర్థోఫోటోగా మార్చిన తర్వాత, మార్చడానికి వాడని కొన్ని పాయింట్ల దగ్గర దాని స్థానాన్ని సరిచూడండి. అక్కడ సగటున 6 మీటర్ల తేడా వచ్చిందనీ, డ్రోన్ మొజాయిక్‌లో ఒక మీటరు తేడా ఉందనీ అనుకుందాం. రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 6.1 మీటర్లు వస్తుంది. అంటే 5 మీటర్లు జరిగినట్టు కనిపించిన గట్టు అసలు జరిగి ఉండకపోవచ్చు. నేనైతే దానికి రెట్టింపును, అంటే 12 మీటర్లను హద్దుగా పెట్టుకుని, అంతకు తక్కువైన మార్పులను పటంలో చూపను. డ్రోన్ చిత్రంలో పొలం గట్టు మీది గడ్డి దుబ్బులు కూడా తేటగా కనిపిస్తాయి కాబట్టి పోలిక కూడా అంతే ఖచ్చితమని అనిపిస్తుంది. కానీ పోలిక నాణ్యత ఎప్పుడూ రెండింటిలో మొరటైన చిత్రం నాణ్యతను దాటదు.

నది విషయంలో నీటి అంచును గట్టుగా తీసుకోకండి. నీటి మట్టం ఫోటో తీసిన రోజును బట్టి మారుతుంది. చదునైన ఇసుక తిన్నె మీద నీరు అర మీటరు తగ్గితే అంచు పదుల మీటర్లు వెనక్కి పోవచ్చు. గట్టు తెగి నిలిచిన చోటును, లేదా శాశ్వతమైన చెట్టూ చేమా మొదలయ్యే వరుసను రెండు చిత్రాల్లోనూ ఒకే నియమంతో గీయండి. మెలికల లోపలి వైపు ఇసుక పేరుకోవడం, బయటి వైపు గట్టు కోసుకుపోవడం కలిసి కనిపిస్తే అది నిజమైన కదలిక అని ధైర్యంగా రాయవచ్చు. ఒక వైపే మార్పు కనిపించి రెండో వైపు ఏమీ లేకపోతే ముందుగా మీ ఆర్థోఫోటోను అనుమానించండి.

వంకల విషయంలో పొడవు కంటే తల భాగం ఎక్కడ ఉందన్నది చూడండి. కోత సాధారణంగా తల నుంచి ఎగువకు పాకుతుంది కాబట్టి, ఆ తల పాత ఫోటోలో ఏ గట్టు దగ్గర ఉంది, ఇప్పుడు ఎన్ని పొలాలు దాటింది అన్నది పటం మీద స్పష్టంగా చూపించవచ్చు. వంక లోతు తెలుసుకోవాలంటే స్టీరియో జత నుంచి ఎత్తులు తీయాలి. సన్నని వంక అడుగున నీడ పడితే అక్కడ లోతు కొలత నమ్మదగినది కాదు.

ఇదంతా కొలతల సంగతి. భౌగోళిక అధ్యయనానికి ఈ ఫోటోలు ఇచ్చే అసలు లాభం వేరే ఉందని నా అభిప్రాయం. 1939లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ ట్రోల్ వైమానిక ఛాయాచిత్రాల మీద రాసిన వ్యాసంలోనే భూదృశ్య ఆవరణశాస్త్రం అన్న పేరు పుట్టింది. నేల, నీరు, చెట్టు, మనిషి వాడకం అన్నీ ఒకే చూపులో కలిసి కనిపించేది అక్కడే అన్నది ఆయన గమనించిన విషయం. 1946లో ఉత్తర ఆస్ట్రేలియాలో క్రిస్టియన్, స్టివార్ట్ అనే శాస్త్రవేత్తలు చేసిన కేథరిన్-డార్విన్ ప్రాంతపు సర్వేలో భూరూపం, మట్టి, వృక్షజాలం ఒకే తీరున పదేపదే కనిపించే చోట్లను ఒక భూవ్యవస్థగా గుర్తించి, విశాలమైన, దారులు లేని ప్రాంతానికి తక్కువ నేలపని చేసి పటం గీశారు. మీ ప్రాంతానికి కూడా అదే దారి సరిపోతుంది. ఒక్కొక్క పొలానికీ అంకె వేయడానికి తొందరపడకుండా, కొండవాలు, మెట్ట, పాత నదీ మార్గాలు, వరద మైదానం, ఇసుక మేట అని ముందుగా భూరూపాలుగా విడగొట్టుకోండి.

పాత నదీ మార్గాలు అన్నాను కాబట్టి చెబుతున్నాను. వరద మైదానంలో చంద్రవంక ఆకారంలో ముదురుగా కనిపించే వంపులు ఉన్నాయేమో చూడండి. నది వదిలేసిన పాయల్లో మెత్తని ఒండు నిండి తేమను పట్టి ఉంచుతుంది. దాని మీద పైరు ముందుగా ఏపుగా ఎదిగి, చివరగా పండుతుంది. నేల మీద నిలబడితే పూర్తిగా చదునుగా కనిపించే ఆ వంపులు గాలిలోంచి గీసినంత స్పష్టంగా ఉంటాయి. భూమిలో పూడిపోయిన కందకాలను, కట్టడాలను పైరు తేడాతో పట్టుకునే పద్ధతిని ఇంగ్లండులో ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ 1920లలో పురావస్తు పరిశోధనకు వాడింది కూడా ఈ సూత్రంతోనే. మీ ఫోటోలు కోతల తర్వాతివి కాబట్టి పైరు గురుతులు తక్కువ ఉండవచ్చు గాని, తడి తేడా మాత్రం మిగిలి ఉంటుంది.

నీటిపాయ

గట్టుదారి గారూ, చంద్రవంక వంపులు మూడు చోట్ల కనిపిస్తున్నాయి. ఇంతకాలం వాటిని రేగడి మచ్చలుగా గుర్తిస్తూ వచ్చాను. చివరగా ఒక్కటి అడుగుతాను. గుంటలు ఎక్కడ తవ్వాలి? ప్రాంతమంతా సమాన దూరాల్లో గళ్లు గీసి తవ్వాలా, లేక ఫోటోను బట్టి ఎంచుకోవాలా?

సమాధానం: రేగడి

గళ్ల పద్ధతికి ఎక్కువ గుంటలు కావాలి. పైగా చిన్నవైనా ముఖ్యమైన మచ్చలను అది దాటవేస్తుంది. ఫోటోలో మీరు గీసిన భూరూపాలను అడ్డంగా కోస్తూ కొండ శిఖరం నుంచి నది ఒడ్డు వరకు రెండు మూడు దారులు ఎంచుకోండి. వాలు మీద ఎగువ నుంచి దిగువకు నేలలు గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి క్రమంగా మారతాయని 1935లో తూర్పు ఆఫ్రికాలో నేలల శాస్త్రవేత్త మిల్న్ చెప్పిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ దారుల మీద ఒక్కొక్క భూరూపం మధ్యలో ఒక పెద్ద గుంట తవ్వి పొరలు చూడండి. హద్దుకు ఇరుపక్కలా ఆగర్‌తో (మట్టిలోకి తిప్పి దించే తొలిచే పనిముట్టు) చిన్న రంధ్రాలు వేయండి. రెండు వైపులా ఒకే మట్టి వస్తే మీరు గీసిన హద్దు తడి వల్లనో దుక్కి వల్లనో వచ్చినదై ఉంటుంది, దాన్ని చెరిపేయండి. మీరు తవ్వని భూరూపాల్లో కూడా కొన్నింటిని చీటీలు వేసి ఎంచుకుని తవ్వి చూస్తే, పటం ఎంతవరకు నిజమో అంకెలలో చెప్పగలుగుతారు. పరీక్షకులు తప్పకుండా అడిగే ప్రశ్న అది.

విసనకర్రలా ఉన్న మచ్చల్లో ఇసుక ఎంత లోతుందో కొలవండి. ఒక అడుగు లోతు లోపలే పాత ఒండ్రు తగిలితే అది తిరిగి సాగుకు వచ్చే నేలే, మీటరు దాటితే తరగతి మార్చక తప్పదు. చెదిరిన మచ్చల్లో పై పొర, మోకాలి లోతు పొర వేర్వేరుగా సంచుల్లో వేసి వాహకత పరీక్షకు పంపండి. చంద్రవంకల్లో ఆగర్ పని వానలు వెలిసి పదును ఉన్నప్పుడే పెట్టుకోండి. బంకమట్టి ఎండాక అందులో ఆగర్ దిగదు.